కాగితానికి రెండో కొస

పోయిన నెల చిన్నమ్మ మరణ ధ్రువపత్రం కోసం నేనూ నా దోస్తు నరేషూ మున్సిపాలిటీ ఆఫీసులో లైన్లో నిలబడ్డాం. మా వంతు వచ్చింది. కిటికీ అవతలి క్లర్కు చెయ్యి చాపి "ఆధార్ ఒరిజినల్" అన్నాడు. నరేష్ చిన్నమ్మ కార్డు ముందుకు పెట్టాడు. క్లర్కు ఒక కొస పట్టుకుని లాగాడు. కార్డు రాలేదు. రెండో కొస నరేష్ వేళ్ల మధ్యనే ఉంది.

"ఇడువు భాయ్, నేనేం తినను దాన్ని," అన్నాడు క్లర్కు.

"మీరు రాసుకోండి సార్. నేను పట్టుకునే ఉంట," అన్నాడు నరేష్.

నేను వాడి ముఖం చూశాను, వాడు నా ముఖం చూశాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. చావు కాగితం కోసం వచ్చి నవ్వేవాళ్లను ఆ క్లర్కు అంతకుముందు చూసి ఉండడు. వెనక నిలబడ్డ పెద్దాయనకు మాత్రం అనుమానం వచ్చింది.

"ఎవరు పోయిండ్రు బిడ్డా?"

"చిన్నమ్మ," అన్నాం ఇద్దరం ఒకేసారి.

నిజానికి ఆమె నాకూ చుట్టం కాదు, నరేష్‌కూ చుట్టం కాదు. పోచంపాడ్‌లో ఉన్న ఆమె తమ్ముడు "మీరు చదువుకున్నోళ్లు, జర మీరే చూడుండ్రి" అని ఈ పని మాకు అప్పజెప్పాడు. వానాకాలం జ్వరంతో దవాఖానలో చేరిన మనిషి ఇంటికి రాలేదు. ఆమె దగ్గర నుంచి మా గల్లీకి మిగిలింది ఆ పట్టు ఒక్కటే. కాగితాన్ని ఎదుటివాడికి చూపించాలి, రెండో కొస మాత్రం వదలకూడదు.

ఆర్మూర్‌లో మా గల్లీ చివర ఒక గదిలో అద్దెకుండేది చిన్నమ్మ. పసుపు కాలంలో కల్లాల మీద కూలికి పోయేది, మిగతా రోజుల్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. అంతకు ముందు కొన్నేళ్లు 'దుబాయి'లో ఉంది. మా దగ్గర గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. ఇంటిపని అని చెప్పి ఆమెను పంపింది తెలిసిన మనిషే, ఆమె వదిన తరపు చుట్టం. అక్కడ దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టారు. జీతం చేతికి రాలేదు. బయటి తలుపు తాళంచెవి ఎప్పుడూ ఆమెకు ఇవ్వలేదు. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి ఆమెను మార్చారు, సామాను మార్చినట్టు. ఎవరు ఎవరికి అమ్మారో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఎట్లాగో బయటపడి ఎంబసీ చేరింది. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఇచ్చే అవుట్‌పాస్ కాగితం మీద వాపసు వచ్చింది.

ఇంతకు మించి ఆమె కథ నాకు వరుసగా తెలియదు. ఆమె ఎప్పుడూ వరుసగా చెప్పలేదు. ఏదైనా మొదలుపెట్టి "గా ముచ్చట ఇప్పుడెందుకు తీ" అని బీడీకి దారం చుట్టేసేది. నాకు తెలిసినవి ఆమె అలవాట్లే.

మొదటిది తలుపు. గదిలో చేరిన రోజే బయటి గొళ్ళెం ఊడదీయించింది. లోపటి గడియ ఉంచింది. ఊరికి పోయేటప్పుడు తలుపుకు తాడు కట్టి పోయేది. ఇంటాయన లబలబలాడాడు.

"దొంగలు పడుతరు చిన్నమ్మా!"

"పడనీ. ఏమన్న దొరికితె నాకు గూడ సగమియ్యమను."

రెండోది పిలుపు. "ఓయ్" అంటే పలికేది కాదు. చప్పట్లు కొడితే అసలే పలికేది కాదు. దుబాయి ఇంట్లో అంతకుముందు పని చేసిపోయిన మనిషి ఒకామె ఉండేదట. కొత్త పేరు నేర్చుకోవడం ఎందుకని చిన్నమ్మనూ ఆ పేరుతోనే పిలిచేవాళ్లట. అందుకే ఇక్కడ పేరుపెట్టి పిలవాల్సిందే, లేదా వరుస కలపాల్సిందే. ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు. పేరు కూడా ఒక కాగితం లాంటిదే. ఆమెను అడగకుండా ఇంకొకరి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

మూడోది వేల్పూర్ అంగడి, అంటే వారం వారం జరిగే సంత. అంగడి రోజున బస్సెక్కి పోయేది. తిరిగి వచ్చేటప్పుడు సంచి ఖాళీ. మా అమ్మ "ఏం తెచ్చినవ్?" అంటే "ఏం మంచిగ లేవు" అనేది. ప్రతిసారీ అదే జవాబు. వేల్పూర్‌లో ఎప్పుడూ కూరగాయలు మంచిగ ఉండవేమో అని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ని.

ఇక నాలుగోది, అన్నిటికంటే పెద్దది, కాగితం. రేషన్ దుకాణంలో, బ్యాంకులో, ఓటేసే దగ్గర, ఆమె కార్డు ఇవ్వగానే అవతలి చెయ్యి ఆగిపోయేది. రేషన్ డీలర్‌కు అలవాటైపోయింది.

"చిన్నమ్మా, ఒక్కసారి ఇడువు. బియ్యం ఇయ్యాలె గద."

"నువ్వు బియ్యం ఇయ్యి. నేను కార్డు ఎందుకియ్యాలె?"

"నంబరు కొట్టాలె."

"కొట్టు. నంబరు కొస మీదికెల్లి దుంకిపోతదా?"

వెనకున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. వేళ్లు మాత్రం నవ్వేవి కావు.

ఆమె అనుమానాలు అన్నీ నిజమయ్యాయని చెప్పను. ఎక్కువ తప్పులే. గ్యాస్ కంపెనీ నుంచి నిజంగా వచ్చిన మనిషిని వీధి చివరి దాకా తరిమింది. కొరియర్ పిల్లగాడి దగ్గర సంతకం పెట్టనని పంతం పట్టి పార్సిల్ వాపసు పంపింది. దాంట్లో ఉన్నది ఆమె కోసం మా అక్క పంపిన చీర.

నా ఇంజనీరింగ్ చదువులో కూడా ఒక ఘట్టం ఉంది. ఒకరోజు బీడీలు చుడుతూ అడిగింది.

"ఇంజినీరు, నీ పదో తరగతి మెమో ఏడున్నది?"

"కాలేజీల, చిన్నమ్మా. ఒరిజినల్స్ వాళ్ల దగ్గరనే ఉంటయి."

ఆమె చేతిలో ఆకు ఆగింది. "ఎప్పుడిస్తరు?"

"చదువు అయిపోయినంక."

"నడుమల పోత అంటె?"

"ఫీజు మొత్తం కట్టి పోవాలె."

ఆమె ఆ బీడీ చుట్టేసింది. మర్నాడు నేను క్లాసులో ఉండగా ఆఫీసు గది నుంచి పిలుపు వచ్చింది. పోయి చూస్తే చిన్నమ్మ. వేళ్లకు పసుపు, చేతిలో బస్సు టికెట్టు. "మా పోరని కాగితం సూపెట్టుండ్రి. నేను గుంజుకపోను. ఉన్నదో లేదో సూస్త." క్లర్కు నవ్వాలా కోప్పడాలా తెలియక చివరికి ఫైలు తీశాడు. ఆమె ఒక కొస పట్టుకుంది, ఆయన ఒక కొస పట్టుకున్నాడు. చదువు రాని మనిషి నా మెమోను పైనుంచి కింది దాకా చూసింది. నా ఫోటో మీద వేలు పెట్టి, "మంచిగనే సూస్కుంటున్నరు" అని వదిలింది. చదువు అయిపోయేదాకా నా పేరు కాలేజీలో 'సూపెట్టుండ్రి'.

తర్వాత సబ్‌స్టేషన్లలో పరీక్షలు చేసే కాంట్రాక్టరు దగ్గర శిక్షణకు పోయాను. అక్కడ నేర్పిన మొదటి పద్ధతి ఇది. లైను మీద పనిచేసేవాడు స్విచ్చు బంద్ చేసి, తన తాళం తానే వేసి, తాళంచెవి తన జేబులోనే పెట్టుకోవాలి. సూపర్‌వైజరు అడిగినా ఇవ్వకూడదు, తమ్ముడు అడిగినా ఇవ్వకూడదు. ఆ తాళంచెవి నీ ప్రాణం అని చెప్పారు. అందరూ రాసుకున్నారు. నేను ఆ రోజు చిన్నమ్మను తలుచుకున్నాను. ఆమె అడుగుతున్నది ఇంతే కదా అనిపించింది. అయితే ఆ తలుచుకోవడం ఆలస్యంగా వచ్చింది. దానికి ముందే నా పాస్‌పోర్టు చిరిగింది.

చదువు అయిపోయి ఉద్యోగం లేక తిరుగుతున్న రోజులవి. నాకూ నరేష్‌కూ ఒక ఏజెంటు దొరికాడు. నరేష్ బావకు దోస్తు, అంటే తెలిసినవాడే. బ్యాంకాక్‌లో కంపెనీ, కంప్యూటర్ ముందు డేటా ఎంట్రీ, ఏసీ గది, తిండి వాళ్లదే. పాస్‌పోర్టులు తీసుకోవడానికి నరేష్ వాళ్ల పసుపు కల్లానికే కారులో వచ్చాడు. ఉడకబెట్టిన పసుపు ఎండుతోంది. చిన్నమ్మ ఇంకో ఇద్దరితో కూర్చుని కొమ్ములు ఒక పక్కకు, గుండ్రటి గోళ దుంపలు ఇంకో పక్కకు ఏరుతోంది. మధ్య మధ్య ఒక కొమ్ము విరిచి చెవి దగ్గర పెట్టుకునేది. టక్కుమంటే ఎండినట్టు. లేకపోతే "ఇంకా పచ్చిగున్నది" అని ఎండలోకి విసిరేది.

నరేష్ పాస్‌పోర్టు ఇచ్చాడు. ఏజెంటు సంచిలో వేసుకున్నాడు. నేను నాది చాపాను. ఏజెంటు పట్టుకున్నాడు. అప్పుడే ఇంకో చెయ్యి వచ్చింది. పసుపు చెయ్యి.

"ఏడికి తీస్కపోతున్నవ్ అన్నా ఇవి?"

"వీసా స్టాంపింగ్‌కమ్మా. ఎయిర్‌పోర్టుల మళ్ల ఇస్త."

"దిగినంక ఎవరు తీస్కుంటరు?"

"కంపెనోళ్లు భద్రంగ పెడుతరు. నీకెందుకమ్మా గీ లొల్లి? నువ్వు పసుపు ఏరుకో."

"ఏరుతనే ఉన్న."

ఏజెంటు నవ్వి లాగాడు. ఆమె వదల్లేదు. నరేష్ వాళ్ల నాన్న చూస్తున్నాడు, కూలివాళ్లు చూస్తున్నారు. నాకు తల తీసేసినట్టయింది. "చిన్నమ్మా, ఇడువు!" అని నేనూ ఒక చెయ్యి వేసి ఏజెంటు వైపే గుంజాను. చిన్న చప్పుడు వచ్చింది. అట్ట ఊడి ఏజెంటు చేతికి వచ్చింది. ఫోటో ఉన్న పేజీ అడ్డంగా చిరిగి ఆమె చేతిలో ఉంది. ఫోటోలో నా ముఖం మీద పసుపు బొటనవేలి ముద్ర.

ఏజెంటు ఆ ముక్క చూసి, "ఇగ గిది పనికిరాదు తమ్మీ. కొత్తది తీసినంక ఫోన్ చెయ్యి," అన్నాడు. సంచిలో నరేష్ పాస్‌పోర్టుతో ఏజెంటు కారెక్కాడు.

మా నాన్న తిట్టాడు, అమ్మ తిట్టింది. చిన్నమ్మ ఒకే మాట అన్నది. "నేను పట్టుకున్న. గుంజింది మీరు."

నరేష్ బ్యాంకాక్ వెళ్లిపోయాడు. నేను కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టి ఆమెతో మాటలు బంద్ చేశాను. ఆమెకు అది పట్టింపే లేదు. రోజూ వచ్చి మా గడప మీద చాట పెట్టుకుని కూర్చునేది. నాకు వినపడేటట్టు అమ్మతో మాట్లాడేది.

"అక్కా, మీ ఇంట్ల ఒక ఇంజినీరు ఉండె గద. కనిపిస్తలేడు. బ్యాంకాక్ పోయిండా?"

"లోపల ఉన్నడు. అలిగిండు."

"అట్లనా! అలిగినోనికి ఆకలైతదా, కాదా? సర్వపిండి తెచ్చిన. కాదంటె బర్రెకు ఏస్త."

సర్వపిండి నేనే తినేవాణ్ని. మాట్లాడేవాణ్ని కాదు.

కొత్త పాస్‌పోర్టు పోస్టులో వచ్చిన వారంలోనే నరేష్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. చాలా చిన్న గొంతు. "అరేయ్, నువ్వు రాకురా. ఎవ్వడు చెప్పినా రాకు. ఇది బ్యాంకాక్ కాదు. నది దాటిచ్చిండ్రు. పాస్‌పోర్టు లేదు, ఫోన్ లేదు, ఇది వేరేటోనిది." అంతే. తర్వాత ఆ నంబరు పలకలేదు.

మిగతాది వాడు వచ్చాక తెలిసింది. బర్మా సరిహద్దులో చుట్టూ గోడ కట్టిన కాంపౌండు. ఎవరిదో ఆడపిల్ల ఫోటో పెట్టుకుని, దేశదేశాల మనుషులతో ప్రేమగా మాట్లాడి వాళ్ల బ్యాంకు ఖాళీ చేయించడం పని. చేయనంటే దెబ్బలు, చీకటి గది. పోతానంటే, నిన్ను కొనుక్కున్నం, ఆ పైసలు కట్టి పో అనేవాళ్లు.

మెసేజ్ విన్న రోజు నేను కొత్త పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని చిన్నమ్మ గదికి పోయాను. ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. విన్నది. మళ్లీ పెట్టమన్నది. విన్నది. 'నేను చెప్పలేదా' అంటుందనుకున్నాను. ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"రెండు చేతులున్నయి గద నాకు," అన్నది. "ఒక్కటే ఎందుకు చాపిన?"

నేను కొత్త పాస్‌పోర్టు తీసి చూపించాను. ఆమె ఒక కొస పట్టుకుంది, నేను ఒక కొస పట్టుకున్నాను. మేము మళ్లీ మాట్లాడుకోవడం అట్లా మొదలైంది.

నరేష్ వాళ్ల నాన్న తిరగని ఆఫీసు లేదు. నెలలు గడిచాక కాంపౌండు మీద దాడి జరిగి చాలామంది బయటపడ్డారు. సర్కారు విమానంలో తెచ్చింది. పోలీసులు అన్నీ రాసుకుని ఇంటికి పంపారు.

వాడు వచ్చాడు గానీ బయట తిరిగింది కొన్ని రోజులే. ఊరికి చెడ్డ మనసు లేదు, నోరు మాత్రం ఊరుకోదు. పాలామె వాళ్ల వాకిట్లో నిలబడి "ఫోన్ దాచుకోవాలె అమ్మా, ఓటీపీ అడుగుతడు" అని నవ్వింది. పెళ్లి దావత్‌లో ఎవరో "మా అత్తకు గూడ ఒక ప్రేమ మెసేజ్ పెట్టు నరేషన్నా" అన్నారు. అందరూ నవ్వారు. వాడు సగంలో లేచి వచ్చి గదిలో గడియ పెట్టుకున్నాడు, ఇక బయటకు రాలేదు. నాతో కూడా తలుపు అవతలి నుంచే మాట్లాడేవాడు. "నేను దొంగనేరా. చేసింది నా చెయ్యే గద," అనేవాడు. రెండుసార్లు తిండి ప్లేటు ముట్టకుండానే వాపసు వచ్చింది. వాళ్లమ్మకు భయం మొదలైంది. తలుపు అవతల చప్పుడు ఆగితే చాలు, ఆమె ప్రాణం ఆగేది.

ఒక పొద్దున చిన్నమ్మ నా దగ్గరికి వచ్చింది. "ఇంజినీరు, నీ స్క్రూడ్రైవర్ తెచ్చుకో. నడువు."

పోయాం. నరేష్ గది తలుపు ముందు నిలబడి, బయటి గొళ్ళెం చూపించి "ఊడదియ్యి" అన్నది.

వాళ్లమ్మ కంగారు పడింది. "ఏం చేస్తున్నవ్ చిన్నమ్మా? వాడు లోపలికెల్లి పెట్టుకుండు గని, బయటికెల్లి ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరూ పెట్టలె. పెట్టొచ్చన్న సోయి గూడ ఉండొద్దు." తర్వాత తలుపుకు నోరు దగ్గర పెట్టి చెప్పింది. "నరేషూ, లోపటి గడియ నీ ఇష్టం బిడ్డా. తీస్తె తియ్యి, లేకుంటె లేదు. బయటిది తీసేస్తున్నం."

నేను మరలు విప్పాను. ఆమె గడప పక్కన కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుంది. బీడీ చుడుతూ, తలుపు వైపు చూడకుండా మాట్లాడింది. ఆమె అంతసేపు వరుసగా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

"నేను గూడ అబద్ధమాడిన బిడ్డా. దుబాయిల ఆ ఇంట్ల నాతోని ఫోన్ చేపిచ్చిండ్రు. మేడం నా పక్కనే నిలబడ్డది. మంచిగున్నది, తిండి మంచిగున్నది, ఇంకో మనిషి కావాలె, పంపుండ్రి అని చెప్పమన్నది. చెప్పిన. నోరు నాదే, మాట ఆళ్లది. నా మాట నమ్మి మా ఊరి మనిషి ఒకామె వచ్చింది. పక్క ఇంట్ల పెట్టిండ్రు ఆమెను. మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు కనిపిచ్చేది. నన్నే చూసేది."

ఆమె ఇంకో ఆకు తీసుకుంది.

"ఆమె వాపసు వచ్చింది. నాకంటె ముందే వచ్చింది. వేల్పూర్‌ల ఉంటది. అంగడికి వస్తది. నన్ను చూస్తె ముఖం తిప్పుకుంటది. తిప్పుకోనీ. కూరగాయలు బేరమాడుతది, మనుమడిని తిడుతది. బతికి ఉన్నది గద. నేను గంత చూసుకొని బస్సెక్కుత."

ఖాళీ సంచి నాకు అప్పుడు అర్థమైంది.

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడు వచ్చింది. తలుపు ఒక చెయ్యి పట్టేంత తెరుచుకుంది. చిన్నమ్మ అటు తిరగలేదు. నడుముకు కట్టుకున్న సంచి విప్పి, ఆధార్ కార్డు తీసి, ఆ సందు దగ్గర పెట్టింది.

"నరేషూ, రెండు జిరాక్సులు తీస్కరా పో. బీడీ కంపెనీల అడుగుతున్నరు. ఈ ఇంజినీరుకు చెప్తె రేపు మాపు అంటడు."

నన్ను ఒక్కణ్నే పొమ్మని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా కార్డు ఇచ్చేది కాదు. నేను జిరాక్స్ దుకాణానికి పోతే ఆమె కూడా వెంట వచ్చి, మిషన్ మూత కింద కార్డు పెట్టేదాకా కొస వదిలేది కాదు.

సందులో నుంచి నరేష్ చెయ్యి వచ్చింది. కార్డు కొస పట్టుకుంది. రెండో కొస ఆమె వేళ్ల మధ్య ఉంది. వాడికి కూడా ఆమె పద్ధతి తెలుసు, అందుకే లాగలేదు. కాసేపు ఇద్దరూ అట్లాగే ఉన్నారు.

ఆమె వేళ్లు తెరిచింది.

నరేష్ బయటకు వచ్చాడు. ఎండకు కళ్లు చిట్లించి, కార్డును అరచేతిలో పెట్టుకుని, వీధిలోకి నడిచాడు. పాలామె గేటు దగ్గర ఉంది. ఏదో అనబోయి, వాడి చేతిలో ఎవరి కార్డు ఉందో చూసి ఊరుకుంది.

చిన్నమ్మ మళ్లీ ఆకు తీసుకుంది గానీ చుట్టలేదు. ఆ కుడిచేయి మోకాలి మీద అట్లాగే ఉంది, బొటనవేలూ చూపుడువేలూ ఇంకా ఏదో పట్టుకున్నట్టే. "నేను పోయి చూడనా?" అన్నాను. "కూసో," అన్నది. వీధి మలుపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

నరేష్ వచ్చాడు. జిరాక్సులు ఇచ్చాడు, పైన కార్డు పెట్టాడు. ఆమె తిప్పి చూడలేదు. సంచిలో వేసుకుంది.

"గింత సేపా? మిషిన్ నువ్వే తయారు చేసినవా?"

"కరెంటు పోయింది చిన్నమ్మా."

"పోతె పోయింది. రేపు రేషన్ కార్డు జిరాక్సు తీయాలె. పొద్దున్నే రా."